వెనక్కి దూకిన అమ్మాయి

దూలపల్లి,
జూన్ 16, 2025.

అమ్మా,

ఉత్తరం చూసి కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను. ఫోను ఉండగా ఈ కాగితమేమిటని బాపు అడుగుతాడు. గేటు దగ్గరే మా అందరి ఫోన్లూ తీసుకుని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారని చెప్పు. సెట్టు ఫొటోలు, కథ బయటికి పొక్కకూడదట. ఆగస్టు దాకా ఇంతే. ఆఫీసులో ఒక ఫోను ఉంది గాని పక్కనే మేనేజరు కూర్చుని వింటాడు. ఆయన ముందు నీతో ఏం మాట్లాడను? శామీర్‌పేట నుంచి మాకు రోజూ కూరగాయలు తెచ్చే వ్యాను డ్రైవరు సిద్దిరాములు తాత నన్ను చూసి, "లాల్‌గడి మలక్‌పేట్ మీదికెళ్ళే పోత గద బిడ్డా, చిట్టీ రాసియ్యి, మీ అమ్మకు ఇస్త" అన్నాడు. ఇంతా చేస్తే మన ఊరికీ ఇక్కడికీ పాతిక కిలోమీటర్లు!

నేను ఇక్కడ నాలుగో అసిస్టెంటును. మొదటి ముగ్గురూ మరిచిపోయినవన్నీ గుర్తుపెట్టుకోవడం నా పని. తీస్తున్నది ఇరవై నాలుగేళ్ళ కిందటి 'ఆఖరి నల్లా'కు రీమేకు. ఊళ్ళో నీళ్ళన్నీ ఒకే కంపెనీ చేతిలోకి పోతాయి. మనిషికి రోజుకు రెండు చెంబులు, మణికట్టుకు నంబరు పట్టీ. పట్టీ లేనివాళ్ళు గోడ బయట. ఆ కథ జరిగే సంవత్సరం ఏదో తెలుసా? 2025! అప్పటివాళ్ళకు ఇది ఎంత దూరంగా కనబడిందో. మేము దాన్ని 2080కి జరిపాం. పట్టీ బదులు కంట్లో ముద్ర, కాపలావాళ్ళ బదులు ఎగిరే యంత్రాలు. హీరోకు అప్పట్లో లేని పాట ఒకటి పెట్టారు. నీళ్ళు లేని ఊళ్ళో వాన పాట ఎట్లా అని నేను అడగబోతే మూడో అసిస్టెంటు నా కాలు తొక్కాడు.

మా డైరెక్టరు అన్వేష్ గారు చిన్నప్పుడు ఆ సినిమాను మేడ్చల్‌లో పదకొండుసార్లు చూశారట. ఆయన ఏదైనా మార్చనిస్తారు గాని ఒక్క సీనును మాత్రం ముట్టుకోనివ్వరు. చివర్లో హీరోయిన్ నీళ్ళ ట్యాంకు పైకెక్కి నల్లా పగలగొడుతుంది, తూటా తగిలి వెనక్కి పడిపోతుంది. అది మాత్రం తాడు లేకుండా, కంప్యూటరు మాయ లేకుండా, అప్పుడెలా తీశారో అలాగే తీయాలని ఆయన పట్టు. ఆ ట్యాంకు సెట్టు మా గది కిటికీలోంచి కనబడుతుంది. ముప్పై అడుగులు.

నువ్వు ఆ సినిమా చూశావా?

నీ
శృతి

*

లాల్‌గడి మలక్‌పేట్,
జూన్ 23.

శృతి బిడ్డకు,

సిద్దిరాములు ఉత్తరం ఇచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. నువ్వు క్షేమమని తెలిసి మనసు కుదుటపడింది. బళ్ళు తెరిచారు కదా, నాకు ఊపిరి సలపడం లేదు. అరవై చొక్కాలు కుట్టాలి, గుండీలు కుట్టే యాదవ్వకు జ్వరం. మీ బాపు నీ ఉత్తరాన్ని తను పనిచేసే ప్లాట్ల ఆఫీసుకు తీసుకెళ్ళి నలుగురికీ చదివి వినిపించాడు. ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? "గా సిన్మల 2025ల నీళ్ళు కొనుక్కుంటరు అన్నరు. పొద్దుగాల మన ఇంటికి ట్యాంకరు వచ్చిపాయె. గాళ్ళు సిన్మ ఏడ తీసిండ్రు, వార్తలు తీసిండ్రు" అని ఒకటే నవ్వు.

నేను ఆ సినిమా చూడలేదు.

దూకేది ఎవరు? హీరోయినేనా, వేరే అమ్మాయా? కింద ఏం వేస్తారు? దగ్గరుండి చూసుకునే పెద్దమనిషి ఎవరైనా ఉన్నారా? ఊరికే అడుగుతున్నాను. నువ్వు మాత్రం ఆ ట్యాంకు మెట్లెక్కవద్దు. చిన్నప్పటి నుంచీ నీకు ఎత్తు కనబడితే కాలు నిలవదు.

వేళకు తిను.

అమ్మ

*

దూలపల్లి,
జూలై 4.

అమ్మా,

దూకేది వేరే అమ్మాయి. పేరు ఇషిత, మేడ్చల్ పిల్ల, కబడ్డీ ఆడుతుంది. ఇరవై ఏళ్ళు. నాదీ దానిదీ ఒకే గది. నవ్వడం మొదలుపెడితే ఆపదు. కింద అట్టపెట్టెలు పేర్చి, వాటిమీద పరుపులు వేస్తారు. అప్పుడూ అంతేనట. ఇప్పటికి పది అడుగుల నుంచి వెనక్కి పడడం నేర్చుకుంది.

ఫైట్ మాస్టరు, తాడు కడదామని రెండుసార్లు అడిగి చూశాడు. అన్వేష్ గారు వినలేదు. "గప్పుడు దుంకిన పిల్లకు చిన్న గీరు గూడ పడలే. పేపర్ల రాసిండ్రు. వాళ్ళతోని అయింది, మనతోని కాదా?" అన్నారు. ఇషిత ఆ మాటకు పొంగిపోయింది.

రీమేకు హక్కులతో పాటు పాత సినిమా రీళ్ళ డబ్బాలన్నీ మాకు వచ్చాయి. వాటిని శుభ్రం చేయించి కంప్యూటర్లోకి ఎక్కించారు. నిన్న మధ్యాహ్నం ఎడిటింగ్ గదిలో ఆ దూకే సీను చూపించారు. అమ్మా, నేను ఎన్ని సినిమాలు చూశాను! ఇలా పడడం ఎక్కడా చూడలేదు. మనిషి పడుతున్నట్టు ఉండదు, ఎవరో ఆకాశంలోంచి చీర జారవిడిచినట్టు ఉంటుంది. ఆ పిల్ల ఎవరని అడిగితే ఎవరికీ తెలియదు. పేర్లలో 'డూపు' అని కూడా వెయ్యలేదు.

సినిమాలో కత్తిరించిన ముక్క ఒకటి దానికి ముందుంది. ఆ అమ్మాయి అంచున నిలబడి ఉంటుంది. దూకబోయే ముందు ఎడమ మణికట్టుతో ముక్కును రెండుసార్లు రుద్దుకుంటుంది. నేను ఆ ముక్కను నాలుగుసార్లు వెనక్కి తిప్పించాను. సూదిలో దారం ఎక్కించే ముందు నువ్వు చేసేది అదే. అలాగే, అన్నిసార్లే.

నీ ఎడమ తుంటి జీడిమెట్లలో బస్సెక్కుతూ జారిపడి విరిగిందని చెప్పావు. ఏ సంవత్సరమో నేనెప్పుడూ అడగలేదు.

అమ్మా, ఎవరా అమ్మాయి?

శృతి

*

లాల్‌గడి మలక్‌పేట్,
జూలై 7.

శృతికి,

అది నేను కాదు. ముక్కు దురద లోకంలో నా ఒక్కదానికే లేదు. పని మీద వెళ్ళినదానివి పని చూసుకో, పాత రీళ్ళు తవ్వకు.

మామిడికాయ పచ్చడి పంపుతున్నాను. ఆ పిల్లకు కూడా పెట్టు.

అమ్మ

ఆ పిల్లను దూకనివ్వకు.

*

దూలపల్లి,
జూలై 9.

అమ్మా,

పచ్చడి అందింది. ఇషిత సగం సీసా ఖాళీ చేసి, మీ అమ్మకు నేను ఇంకో బిడ్డనని రాయమంది.

నీ ఉత్తరం కూడా చదివాను. పైనంతా అబద్ధం రాసి, సంతకం పెట్టాక నిజం రాశావు. కాని నేను ఎలా ఆపను? నాలుగో అసిస్టెంటును. "మా అమ్మ వద్దంటోంది" అని చెప్పమంటావా? నవ్వుతారు. ఆగస్టు రెండున తీయాలని ఖాయం చేశారు.

నిన్న ఇరవై అడుగుల నుంచి పడింది. బాగానే పడింది. లేచి పరుగెత్తుకుంటూ వచ్చి, "అక్కా, భయమైతలేదు నాకు. జర గూడ అయితలేదు" అంది. దాని మొహం చూస్తే నాకే భయమేసింది.

ఎందుకు వద్దో చెప్పు. నా కోసం అడగడం లేదు.

శృతి

*

లాల్‌గడి మలక్‌పేట్,
జూలై 13.

బిడ్డా,

నీ ఉత్తరం మిషను పక్కన పెట్టుకుని మూడు రోజులు కుట్టాను. ఒక జాకెట్టుకు రెండు చేతులూ కుడిచేతులే కుట్టాను. ఇక లాభం లేదని రాస్తున్నాను. అబద్ధం చెప్పినందుకు కోపం పెట్టుకోకు.

ఆ అమ్మాయి నేనే.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. మేడ్చల్‌లో ఖోఖో ఆడేదాన్ని. ఫైట్ మాస్టరు నారాయణ ఒకరోజు మా గ్రౌండుకు వచ్చి, గంటసేపు గోడ దగ్గర నిలబడి చూశాడు. అందరూ పోయాక నా దగ్గరికి వచ్చి, "దుంకుడు అందరికి వస్తది. పడుడు రావాలె. నీకు వస్తది" అన్నాడు. ఆరు నెలలు నేర్పాడు. ఇసుకలో, గడ్డిలో, అట్టపెట్టెల మీద. భుజం ఎక్కడుండాలి, గదుమ ఛాతీకి ఎలా ఆనించాలి, ఊపిరి ఎప్పుడు వదలాలి. నన్ను ఒక్కసారి కూడా గద్దించలేదు. ఇంట్లో మాత్రం సినిమావాళ్ళకు బట్టలు కుడుతున్నానని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. ఖాళీ దొరికితే బట్టలు కుట్టేవాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. ఇవాళ మనకు అన్నం పెడుతున్న పని అక్కడ నేర్చుకున్నదే.

ఆ పని నాకు ఎంత ఇష్టమో నీకు చెప్పలేను. గాలిలో ఉన్నంతసేపు నేను ఎవరి బిడ్డనూ కాను, ఎవరికీ భయపడేదాన్ని కాను. ఇంతవరకు నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నీ కళ్ళు మెరుస్తాయని భయం. గోడలెక్కి దూకే పిల్లవు.

ఆ రోజు జీడిమెట్లలో మూతపడిన ఒక ఫ్యాక్టరీలో షూటింగు. మధ్యాహ్నం రెండయింది. పెట్టెలు ఎక్కడ పేర్చాలో మాస్టరే కొలిచి, నేల మీద సున్నంతో నాలుగు గీతలు గీశాడు. ముందుగా పైనుంచి ఇసుక బస్తా పడేసి చూశారు. అది సరిగ్గా పరుపుల నడుమ పడింది. మాస్టరు నా వీపు తట్టాడు. ఇద్దరం లోపలి మెట్ల మీదుగా పైకెక్కాం. మేము పైకి చేరేసరికే కింద పొగ పెట్టేశారు, నేల కనబడలేదు. నేను అంచున వీపు తిప్పి నిలబడ్డాను. ఆయన కెమెరాకు కనబడకుండా ట్యాంకు గోడ వెనక కూర్చుని లెక్క చెబుతున్నాడు. "ఒకటి, రెండు" అన్నాడు.

అప్పుడు నాకు భయమేసింది, బిడ్డా. అంతకు ముందు ఎప్పుడూ వెయ్యలేదు. ఎందుకో తెలియదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆ భయంలో ఒళ్ళు ఎడమకు తిప్పాను. సగం పరుపు మీద పడ్డాను, సగం నేల మీద.

తుంటి విరిగింది, రెండు పక్కటెముకలు విరిగాయి. నాలుగు నెలలు మంచం దిగలేదు. సినిమావాళ్ళు వచ్చి బయటికి తెలిస్తే సినిమా ఆగిపోతుందని బతిమాలారు. నేను సరేనన్నాను. నా తప్పే కదా అనుకున్నాను. మాస్టరు ఆసుపత్రికి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆరు నెలలు నేర్పిన మనిషికి ఏ మొహం చూపించాలి? తర్వాత ఆయన ఫైట్ల పనే మానుకున్నాడని విన్నాను. నా ఒక్క క్షణం భయం ఒక మనిషి బతుకును తలకిందులు చేసింది. ఆయనకేమీ చెప్పలేకపోయాను, ఎదురుపడలేకపోయాను.

నేను పడిన సంగతి మీ బాపుకు తెలుసు. పెళ్ళికి ముందే చెప్పాను. ఏ సినిమాలోనో, ఎందుకు పడ్డానో మాత్రం చెప్పలేదు.

ఆరు నెలలు నేర్చుకున్న నాకే ఆ క్షణాన భయమేసింది. ఆ పిల్ల భయం లేదంటోంది. నేనూ ముందురోజు అదే అన్నాను. ఈ ఉత్తరం మీ డైరెక్టరుకు చూపించు. నా పేరు చెప్పు, ఫరవాలేదు.

అమ్మ

*

దూలపల్లి,
జూలై 20.

అమ్మా,

మొదట ఈ ఒక్క మాట చదువు, మిగతాది తర్వాత. నువ్వు ఎడమకు తిరగలేదు.

ఇక జరిగింది జరిగినట్టు చెబుతాను. నీ ఉత్తరం పట్టుకుని అన్వేష్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన భోంచేస్తున్నారు. చేతులు ఖాళీ లేవు, చదవమన్నారు. చదివాను. సగానికి వచ్చేసరికి ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"మీ అమ్మనా?" అన్నారు.

"అవును సార్."

"పదకొండు సార్లు చూసిన. ఆమె పడంగనే లేచి నోట్ల ఏళ్ళు పెట్టి సీటీ కొట్టేటోన్ని. ఒక ఆడపిల్ల తుంటి ఇరుగుతుంటె సీటీ కొట్టిననా నేను?"

చెయ్యి కడుక్కుని నేరుగా ఎడిటింగ్ గదిలోకి నడిచారు. నన్ను కూడా రమ్మన్నారు. ఆ రోజు తీసిన రీళ్ళన్నీ, సినిమాలో వాడనివి కూడా, వరసగా వెయ్యమన్నారు. ఇసుక బస్తా పడేసిన రీలు వచ్చింది. నువ్వు రాసినట్టే బస్తా నడుమ పడింది. చుట్టూ సున్నం గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. తర్వాత కెమెరా ఆపడం ఎవరో మరిచిపోయినట్టున్నారు, అది తిరుగుతూనే ఉంది. ట్యాంకు మీద ఎవరూ లేరు. మీరిద్దరూ లోపల మెట్లెక్కుతూ ఉండాలి. అంతలో నలుగురు మనుషులు వచ్చి ఆ పెట్టెలను, పరుపులతో సహా, కుడివైపుకు నెట్టారు. పెట్టెల అంచు బొమ్మలో పడుతోందని ఎవరో జరపమని చెప్పి ఉంటారని అన్వేష్ గారి అనుమానం. ఎవరు చెప్పారో ఇప్పుడెవరికీ తెలియదు. ఎడమవైపు మూడడుగుల నేల ఖాళీగా బయటపడింది. ఆ వెంటనే పొగ పెట్టారు. పైనున్న మీకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత నువ్వు దూకిన రీలు. ఒక్కొక్క బొమ్మా ఆపి చూశాం. కళ్ళు మూసుకున్నావు, అది నిజమే. కాని నీ భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. ఒళ్ళు ఎటూ తిరగలేదు. పొగ విడిన చోట చూస్తే, ఇసుక బస్తా ఎక్కడ పడిందో నువ్వూ సరిగ్గా అక్కడే పడ్డావు, గీతల నడుమ. పెట్టెలే అక్కడ లేవు.

అమ్మా, భయమేసినా నువ్వు సరిగ్గానే దూకావు. ఇన్నేళ్ళూ ఏ తప్పు గురించి బాధపడ్డావో ఆ తప్పు నువ్వు చెయ్యనే లేదు.

అన్వేష్ గారు ఫైట్ మాస్టరును పిలిపించి, "తాడు కట్టుండ్రి. గాలి పరుపు తెప్పియ్యుండ్రి. రీమేకంటె వాళ్ళ తప్పు గూడ మల్ల చేసుడా?" అన్నారు. తాడును తర్వాత కంప్యూటర్లో చెరిపేస్తారు. ఇషిత నాతో ఒక పూట మాట్లాడలేదు. "నా దుంకుడు ఖరాబ్ చేసినవ్ అక్కా" అని మూతి ముడుచుకుంది. దానికి నీ ఉత్తరం ఇచ్చి బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి దాన్ని మడిచి నా దిండు కింద పెట్టి కూర్చుని ఉంది. "మీ అమ్మ ఒకసారి వస్తదా?" అని మాత్రం అడిగింది.

ఇంకొక సంగతి. నారాయణ మాస్టరు ఎక్కడున్నారో తెలిసింది. ఇక్కడే దూలపల్లిలో, ఇనుప గేట్లు చేసే వెల్డింగు షాపు నడుపుతున్నారట. సెట్టు కట్టినవాళ్ళు చెప్పారు. గోడ దాటితే పది నిమిషాల నడక. నేను వెళ్ళలేదు. అక్కడికి వెళ్ళాల్సినదానివి నువ్వు.

నీ
శృతి

*

లాల్‌గడి మలక్‌పేట్,
జూలై 26.

శృతి బిడ్డకు,

నీ ఉత్తరం నాకు నేను చదువుకుంటే నమ్మకం కలగలేదు. మీ బాపును కూర్చోబెట్టి గట్టిగా చదివించుకున్నాను. మధ్యలో ఆపి, "ఇరువై నాలుగేండ్ల సంది గిది కడుపుల పెట్టుకుని తిరిగినవా? నాతోని ఒక్క మాటనకపోతివి" అన్నాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అప్పుడు ఏడుపొచ్చింది. బాగా ఏడ్చాను. ఆ తర్వాత విపరీతంగా ఆకలేసింది. పొద్దుటి రొట్టెలు నాలుగు మిగిలి ఉంటే నిలబడే తినేశాను.

మర్నాడు బండి మీద దూలపల్లి వెళ్ళాం. షాపు ముందు మాస్టరు ఒక గేటు ముందు వంగి టేపు పట్టుకుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. అలికిడికి తలెత్తాడు. నా మొహం చూడలేదు, ముందు నా కాళ్ళు చూశాడు. నేను నడిచి దగ్గరికి వెళ్ళేదాకా కాళ్ళే చూస్తున్నాడు.

"మంచిగనే నడుస్తున్నవ్, దుర్గా" అన్నాడు.

"సలికాలం జర నొస్తది మాస్టర్" అన్నాను.

ఏమేం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. అంతా మరిచిపోయాను. "మాస్టర్, నేను ఎడమకు తిరగలే. పెట్టెలు జరిపిండ్రు. మనం మెట్లెక్కేటప్పుడు జరిపిండ్రు. మా శృతి రీలుల సూసింది" అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

"నువ్వు తిరిగినవని ఎవరన్నరే నిన్ను?" అన్నాడు. "కొలత నేను తప్పిననుకున్న. మూడడుగులు తప్పిననుకున్న. నా చేతుల ఒక పిల్ల ఖరాబయిందని ఆ పనే ఇడిసిపెట్టిన. ఇగో, గీ గేటు సూడు. ఒక్కొక్క కొలత మూడుసార్లు తీస్త. గిరాకీలు నవ్వుతరు, ముసలాయనకు మతిలేదని."

"ఆసుపత్రికొస్తే మొకం తిప్పుకున్న..."

"నన్ను సూడ మనసొప్పలేదనుకున్న బిడ్డా."

"సిగ్గయి తిప్పుకున్న మాస్టర్."

ఆయన టేపును చుట్టి జేబులో పెట్టాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని చిన్నగా నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ నవ్వాగలేదు. "ఇద్దరం పిచ్చోళ్ళమే" అన్నాడు. "ఒక్కసారి మాట్లాడుకుంటె అయిపోయేది గద." మీ బాపు చాయ్ తెచ్చేసరికి ఇద్దరం కళ్ళనీళ్ళతో నవ్వుతున్నాం. ఏడవాలో నవ్వాలో తెలియక పాపం ఆయన ఆ మూడు చాయ్‌లూ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

షాపులో గంటసేపు కూర్చున్నాం. ఇషిత గురించి చెప్పాను. ఎంత బరువుంటుంది, ఎంత పొడుగుంటుంది, తాడు ఎక్కడ కడుతున్నారు అని ఒకటే ప్రశ్నలు. "నేనొచ్చి ఒక్కసారి సూడొచ్చునా? అడ్డం రాను" అన్నాడు. మీవాళ్ళను అడుగు.

అమ్మ

*

దూలపల్లి,
జూలై 30.

అమ్మా,

అడిగాను. అన్వేష్ గారు, "అడ్డం రానని అన్నడా? అడ్డం రమ్మను" అన్నారు. మా ఫైట్ మాస్టరు నిన్ననే స్వయంగా వెల్డింగు షాపుకు వెళ్ళి కలిసి వచ్చాడు. రెండో తేదీ పొద్దున తొమ్మిదింటికి మాస్టరూ నువ్వూ బాపూ గేటు దగ్గరికి రండి. మీ పేర్లు రాసి పెట్టాను. మీ ఫోన్లు కూడా తీసేసుకుంటారు, బాపుకు ముందే చెప్పు, గొడవ పెట్టుకోవద్దని.

నాకు ఏడుపొచ్చే సంగతి ఏమిటంటే, ఆ రోజు నేను ఉండను. శామీర్‌పేట చెరువు దగ్గర బిందెలతో మూడొందల మంది నడిచే సీను ఉంది. ఆ మూడొందల మందికి కంట్లో ముద్రలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పని నాది. నాలుగు రోజులు అక్కడే. ఎంత బతిమాలినా మొదటి అసిస్టెంటు వదలలేదు. కనుక నువ్వే నా కళ్ళనుకో. ఏం జరిగిందో ఒక్కటీ వదలకుండా రాసి సిద్దిరాములు తాతకు ఇవ్వు. చెరువు దగ్గరికీ కూరగాయలు ఆయనే తెస్తాడు.

ఇషిత నీ కోసం ఎదురుచూస్తోంది. ఇప్పుడు కొంచెం భయమేస్తోందని నాతో చెప్పింది. మంచిదేనా?

శృతి

*

లాల్‌గడి మలక్‌పేట్,
ఆగస్టు 3.

బిడ్డా,

భయమేస్తోందని నోరు తెరిచి చెప్పింది కదా, అదే మంచిది. నేనూ ఆ రోజు "మాస్టర్, ఆగుండ్రి" అని ఉండొచ్చు. అనడం రాలేదు. నిన్న ఇషితతో మొదట చెప్పింది అదే. "భయమైతె మూడు అనకముందు చెయ్యెత్తు. ఎవ్వరేమనుకున్నా సరే" అన్నాను. తల ఊపింది.

పొద్దున ఎనిమిదిన్నరకే మాస్టరు గేటు దగ్గర ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. లోపలికి వెళ్ళగానే గాలి పరుపు చుట్టూ, బర్రెను కొనేవాడిలా రెండు చుట్లు తిరిగాడు. గుద్ది చూశాడు, ఎక్కి పడుకుని చూశాడు. తాడు కట్టే బెల్టును తన నడుముకే కట్టించుకుని లాగించుకున్నాడు. మీ ఫైట్ మాస్టరు వెంట తిరుగుతూ ఆయన అడిగినదల్లా చూపించాడు. మీ డైరెక్టరు నాకు దండం పెట్టి కుర్చీ తెప్పించాడు. మంచి మనిషి. కుర్చీలో నేను ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు.

పదకొండింటికి పిల్ల పైకెక్కింది. అక్కడినుంచి చూస్తే ఎంత చిన్నగా కనబడిందో! మాస్టరు కింద పరుపు పక్కనే నిలబడ్డాడు, ఎవ్వరినీ దాని దగ్గరికి రానివ్వకుండా రెండు చేతులూ చాచి. నేను మీ బాపు చెయ్యి పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో ఆయన చెయ్యి ఇవాళ కూడా ఎర్రగా ఉంది. పైన ఎవరో లెక్క మొదలుపెట్టారు. ఇషిత చెయ్యెత్తలేదు. మూడు అన్నారు.

పడింది. పరుపు ఒక్కసారి భుస్సుమంది. ఆ తర్వాత పరుపులోంచి రెండు చేతులూ పైకి లేచాయి, వాటి వెంట ఆ నవ్వు. చప్పట్లు కొట్టారు. డైరెక్టరు "ఓకే" అని అరిచాడు. మీ బాపు ఎవరో ముక్కూ మొహం తెలియనివాడిని కౌగిలించుకున్నాడు. మాస్టరు అక్కడే నేల మీద కూలబడి, దేవుడికి కాదు, ఆ పరుపుకు దండం పెట్టాడు. నా గుండెల మీంచి ఇంత పెద్ద బండ ఎవరో దించినట్టయింది.

పిల్ల బెల్టు విప్పించుకుని పరుగెత్తుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఎట్లుంది?"

బాగుంది బిడ్డా అనాలి కదా. దేవుడి దయ అనాలి. దూకవద్దని నీ ప్రాణం తీసిన మనిషిని నేనే కదా. నా నోట్లోంచి వచ్చిందేమిటో విను.

"గదుమ పైకి లేపినవ్. తూటా తాకినోళ్ళు ఆకాశం సూడరు. ఎడమ మోచెయ్యి గూడ గట్టిగ పెట్టినవ్. ఇంకోసారి దుంకు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. మీ బాపు, "ఏమే, వద్దని మొత్తుకున్నది నువ్వే గద!" అన్నాడు. మీ డైరెక్టరు మాస్టరు వైపు చూశాడు. మాస్టరు మట్టి దులుపుకుని లేచి, "నేను గదే అందామనుకుంటున్న. పిల్లకు చెప్పుడు ఎందుకని ఊకున్న" అన్నాడు. ఇషిత అప్పటికే మళ్ళీ మెట్ల వైపు పరుగు తీసింది. నేను వెనకే వెళ్ళి మొదటి మెట్టు దగ్గర దాన్ని ఆపి, గదుమ ఎలా పెట్టాలో, ఊపిరి ఎప్పుడు వదలాలో, చేత్తో పట్టి చూపించాను. ఎన్నాళ్ళయినా చేతులు మరిచిపోలేదు.

రెండోసారి బాగా పడింది.

మీ డైరెక్టరు ఇంకో ఇద్దరు ఆడపిల్లలకు నేర్పాలట, మంగళవారం నుంచి రమ్మన్నాడు. మీ బాపును అడగనైనా అడగలేదు, వస్తానని చెప్పేశాను. చొక్కాల పని యాదవ్వ చూసుకుంటుంది.

నీ అమ్మ,
దుర్గాబాయి